బతికి బట్టకట్టినందుకు శిక్ష: రెండు చిత్రాలు, రెండు పుస్తకాలు

తెలుగువాళ్ళకు జైలు సాహిత్యం కొత్త కాదు. దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు వ్రాశారన్న మాట మనమందరం చిన్నప్పుడే విన్నాం. అదే జైలులో ఆయన పక్కన ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి తరువాత 'జైలు లోపల' అని ఒక కథల సంపుటి వెలువరించారు. రాజకీయ ఖైదీలు జైలుకు వెళ్ళి తమ గురించి వ్రాసుకోవటం మామూలే. ఆళ్వారుస్వామి మాత్రం పక్క గదుల్లో ఉన్న మామూలు ఖైదీల గురించి వ్రాశారు. మన సాహిత్యంలో అది అరుదైన పని. ఎందుకంటే మన మనసుల్లో ఖైదీలు రెండు జాతులు. దేశం కోసమో సిద్ధాంతం కోసమో వెళ్ళినవారు ఒక జాతి. వాళ్ళు బయటికి వస్తే దండలు వేస్తాం. రెండో జాతివాళ్ళు 'కేడీలు'. వాళ్ళ ఊసు మనకెందుకని ముఖం తిప్పుకుంటాం.

ఈ వ్యాసంలో మేము ఎత్తుకున్నది ఈ రెంటిలోనూ ఇమడని ఖైదీ సంగతి. తన మీద దాడి జరిగితే చావకుండా మిగిలినందుకు జైలుకు వెళ్ళిన మనిషి సంగతి. ఆ మనిషి నల్లజాతి స్త్రీ. పుట్టినప్పుడు మగపిల్లవాడని వ్రాసుకున్నారు, పెరిగి ఆడమనిషిగా బతుకుతోంది. ఆమె పేరు సీసీ మెక్‌డొనాల్డ్. ఆమె మీద జాక్ గేర్స్ తీసిన డాక్యుమెంటరీ 'ఫ్రీ సీసీ!' (2016). దానితోపాటు అనలీస్ ఒఫీలియన్ తీసిన 'మేజర్!' (2015), ఎరిక్ స్టాన్లీ, నాట్ స్మిత్ కూర్చిన వ్యాస సంపుటి 'కాప్టివ్ జెండర్స్' (2011), మన భాషలోకి వచ్చిన 'ఒక హిజ్రా ఆత్మకథ', ఈ నాలుగింటినీ కలిపి చూడటం మా ఉద్దేశం. ఉగాదికీ సంక్రాంతికీ కలుసుకుని పులిహోర తినే సంఘం పత్రికలో ఇదేమి గొడవ అని అడిగేవారు ఉంటారు. ఇది మన గొడవే ఎందుకవుతుందో చివరికి వచ్చేసరికి చెబుతాము. అందాకా ఓపిక పట్టమని మనవి.

ముందు జరిగిన సంగతి. 2011 జూన్ 5, అర్ధరాత్రి దాటింది. మినియాపొలిస్‌లో లేక్ స్ట్రీట్ మీద సీసీ నలుగురైదుగురు స్నేహితులతో సరుకుల దుకాణానికి నడిచి వెళ్తోంది. ఆమె ఫ్యాషన్ డిజైను చదువుతున్న విద్యార్థిని. దారిలో ఒక బారు. దాని బయట నిలబడ్డ కొందరు తెల్లవాళ్ళు ఈ పిల్లల జాతిని తిట్టారు, సీసీ రూపాన్ని తిట్టారు. మాటామాటా పెరిగింది. ఒక స్త్రీ చేతిలో ఉన్న గ్లాసుతో సీసీ ముఖం మీద కొట్టింది. చెంప తెగి గాయం లాలాజల గ్రంథి దాకా దిగింది. తరువాత 11 కుట్లు పడ్డాయి. సీసీ అక్కడినుంచి నడిచి వెళ్ళిపోతుంటే ఒక మనిషి వెంటపడ్డాడు. ఆమె సంచిలో ఉన్న కత్తెర తీసింది. అది అతని ఛాతీలో దిగింది. అతను చనిపోయాడు. ఆ రాత్రి పోలీసులు అరెస్టు చేసింది సీసీ ఒక్కతినే.

ఆమె మీద రెండో తరగతి హత్యానేరం మోపారు. మిన్నెసోటా చట్టం ప్రకారం దానికి గరిష్ఠ శిక్ష 40 ఏళ్ళు. చనిపోయినవాడి ఒంటి మీద స్వస్తిక పచ్చబొట్టు ఉంది. మన గుమ్మాల మీద పసుపుతో వేసుకునే స్వస్తిక్ కాదు, హిట్లరు వాడుకున్నది. దాన్ని జ్యూరీ ముందు పెట్టటానికి వీల్లేదని న్యాయమూర్తి అన్నాడు. ఒక పక్క 40 ఏళ్ళ భయం, మరో పక్క బేరం. ఈ దేశంలో పడే శిక్షల్లో నూటికి తొంభైకి పైగా విచారణ జరక్కుండా ఇలాంటి బేరాలతోనే తేలిపోతాయి. సీసీ 2012 మే నెలలో రెండో తరగతి మాన్‌స్లాటర్‌కు, అంటే నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోవటానికి కారణమయ్యానన్న నేరానికి, ఒప్పుకుంది. అలా ఒప్పుకోవాలంటే ఆత్మరక్షణ అన్న మాటను వదులుకోవాలి. జూన్ 4న 41 నెలల శిక్ష పడింది. ఆమెను మగవాళ్ళ జైళ్ళలో పెట్టారు. శరీరానికి కావలసిన హార్మోను మందు పూర్తి మోతాదులో ఇప్పించటానికి బయట జనం సంతకాలు సేకరించి ఒత్తిడి తేవలసి వచ్చింది. 19 నెలల తరువాత, 2014 జనవరి 13న విడుదల అయింది.

ఇక సినిమా. లవర్న్ కాక్స్ దీనికి కార్యనిర్వాహక నిర్మాత. సీసీని మాట్లాడించింది కూడా ఆమే. ఇందులో మాకు నచ్చిన మొదటి గుణం, సీసీని మాట్లాడనివ్వటం. జాలి పుట్టించే సంగీతం మోగించి, పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి ఆమె బాధను మనకు విడమరచి చెప్పించే పద్ధతి మన టెలివిజన్‌కు బాగా అలవాటు. ఇక్కడ బాధ్యత సీసీదే. ఆమె నవ్వుతుంది, ఎదుటివారిని నవ్విస్తుంది, కోపపడుతుంది. బాధితురాలంటే ఎప్పుడూ కళ్ళు తుడుచుకుంటూ ఉండాలన్న నియమం ఆమె పాటించదు. ఎదురు దెబ్బ తీసిన ఆడది మంచి బాధితురాలు కాదని కోర్టు అనుకుంది. మనలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. చావకుండా మిగిలినవాళ్ళ కంటే చచ్చిపోయినవాళ్ళను గౌరవించటం లోకానికి తేలిక. చచ్చినవాళ్ళు ఎదురు చెప్పరు గదా.

రెండో గుణం, మద్దతుదారుల శ్రమను దాచకపోవటం. ఒక మనిషి జైలులో ఉంటే బయట ఎంతమంది ఎన్ని ఉత్తరాలు వ్రాయాలో, కోర్టు వాయిదాలకు ఎన్నిసార్లు వెళ్ళి కూర్చోవాలో తెలుస్తుంది. 'స్టోన్ బుచ్ బ్లూస్' నవల వ్రాసిన లెస్లీ ఫైన్‌బర్గ్ సీసీ కోసం మినియాపొలిస్ వచ్చి గోడ మీద నినాదం వ్రాసి అరెస్టయిన సంగతి ఇక్కడ తలచుకోవాలి. అప్పటికే తీవ్రమైన జబ్బుతో ఉన్న ఫైన్‌బర్గ్ 2014 నవంబరులో చనిపోయే ముందు ఆ నవల ఇరవయ్యో వార్షికోత్సవ కూర్పును సీసీకే అంకితమిచ్చారు.

అయితే ఈ చిత్రానికి ఒక పరిమితి ఉంది. దాని పేరులోనే ఉంది. 'సీసీని విడిచిపెట్టండి!' అనేది నినాదం. నినాదానికి ఒక పేరు కావాలి, ఒక ముఖం కావాలి. విడుదల రోజు వస్తుంది, ఆలింగనాలు వస్తాయి, ప్రేక్షకుడి గుండె బరువు దిగుతుంది. సీసీ బయటికి వచ్చింది కాబట్టి కథ సుఖాంతమయినట్టు అనిపిస్తుంది. కాని బయటికి వచ్చాక సీసీ ఊరూరా తిరిగి చెప్పిన మాట అది కాదు. తనను ఆడవాళ్ళ జైలులో పెట్టి ఉంటే సరిపోయేదని ఆమె అనలేదు. జైళ్ళే ఉండకూడదంది. కష్టం ఒకరికి తగ్గించమని కాదు, ఆ యంత్రాన్నే ఆపమని ఆమె అడుగుతోంది. చిత్రం ఆ మాటను వినిపిస్తుంది గాని దానితో కుస్తీ పట్టదు. ఒక గొప్ప మనిషిని చూశామన్న తృప్తితో మనం లేచి వస్తాం. ఆ మనిషి వేసిన ప్రశ్న కుర్చీలోనే ఉండిపోతుంది.

లవర్న్ కాక్స్‌కు పేరు తెచ్చిన పాత్ర కూడా ఖైదీ పాత్రే. 2013లో మొదలైన 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్' అన్న టెలివిజన్ సీరియల్‌లో ఆమె సోఫియా. సోఫియా ఉండేది ఆడవాళ్ళ జైలులో. నిజం జైళ్ళలో ఇలాంటివారిలో అత్యధికులు ఉండేది మగవాళ్ళ జైళ్ళలో. అయినా ఆ సీరియల్ ఒక నిజం చెప్పింది. సోఫియాను తోటి ఖైదీలు కొడితే, నీ రక్షణ కోసమే అంటూ ఏకాంత ఖైదులో పెడతారు. దెబ్బలు తిన్నందుకు మరో శిక్ష! ఇది కథకులు కల్పించిన వింత కాదు, జైళ్ళలో రివాజు. కాలిఫోర్నియా మగవాళ్ళ జైళ్ళలో 2007లో పరిశోధకులు చేసిన అధ్యయనంలో, ట్రాన్స్‌జెండర్ ఖైదీల్లో నూటికి 59 మంది తమ మీద లైంగిక దాడి జరిగిందని చెప్పారు. మిగతా ఖైదీల్లో అలా చెప్పినవారు నూటికి 4.4 మంది. సుప్రీం కోర్టు 1994లో డీ ఫార్మర్ అనే ట్రాన్స్‌జెండర్ ఖైదీ కేసులో, ప్రమాదం తెలిసి కూడా పట్టించుకోని అధికారులు రాజ్యాంగాన్ని ఉల్లంఘించినట్టేనని ఏకగ్రీవంగా చెప్పింది. జైళ్ళలో అత్యాచారాల నిర్మూలన చట్టం 2003లో వచ్చింది. 2025 జనవరి 20న వెలువడిన అధ్యక్షుని ఉత్తర్వు, ఫెడరల్ ఆడవాళ్ళ జైళ్ళలో ఉన్న కొద్దిమందిని సైతం మగవాళ్ళ జైళ్ళకు పంపమంది. కొందరి విషయంలో కోర్టులు అడ్డుపడ్డాయి. సంస్కరణ ఒక సంతకంతో వస్తే మరో సంతకంతో పోతుంది. జైళ్ళ రద్దు కోరేవారు సంస్కరణను నమ్మకపోవటానికి ఇది ఒక కారణం.

'మేజర్!' ఇంకో రకం చిత్రం. మిస్ మేజర్ గ్రిఫిన్-గ్రేసీ షికాగోలో పుట్టిన నల్లజాతి ట్రాన్స్‌జెండర్ స్త్రీ. 1969లో న్యూయార్క్ స్టోన్‌వాల్ బారు దగ్గర పోలీసుల మీద జనం తిరగబడినప్పుడు అక్కడ ఉన్నవారు. 1971 సెప్టెంబరులో అటికా జైలులో ఖైదీలు తిరుగుబాటు చేస్తే ప్రభుత్వం కాల్పులతో అణచింది. అన్నీ కలిపి 43 మంది చనిపోయారు. ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన ఫ్రాంక్ 'బిగ్ బ్లాక్' స్మిత్, డానెమోరా జైలులో మిస్ మేజర్‌కు తోటి ఖైదీ. ఆయన దగ్గరే తాను రాజకీయం నేర్చుకున్నానని ఆమె చెప్పేవారు. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్రాన్స్‌జెండర్ ఖైదీల కోసం పనిచేసే సంస్థను 2015 వరకు నడిపారు. 2025 అక్టోబరులో కన్ను మూశారు.

ఈ చిత్రంలో ఆమెను 'అమ్మా' అని పిలిచేవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వస్తూనే ఉంటారు. సినిమా కట్టుబాటు దృష్టితో చూస్తే ఇది వదులుగా ఉంది, కొన్నిచోట్ల ఒకే మాట రెండుసార్లు విన్నట్టుంటుంది. కాని ఆ వదులే దీని బలం. జైలు లేకపోతే దాని స్థానంలో ఏముంటుందని అడిగేవారికి ఈ చిత్రం సిద్ధాంతం చెప్పదు, ఒక ఇల్లు చూపిస్తుంది. విడుదలయిన రోజున బస్సు దిగే చోట నిలబడేది ఎవరు, మొదటి రాత్రి పడుకోవటానికి మంచం ఎక్కడ, మళ్ళీ వీధిన పడకుండా పని ఇప్పించేదెవరు అన్న చిన్న ప్రశ్నలకు అందులో జవాబులున్నాయి. విడిచిపెట్టమని నినాదం ఇవ్వటం ఒక పని. విడిచిపెట్టిన తరువాత వండి పెట్టటం ఇంకో పని. రెండో పనికి చప్పట్లు తక్కువ.

'కాప్టివ్ జెండర్స్' పుస్తకం పండితులూ ఖైదీలూ పక్కపక్కన కూర్చున్న పంక్తి. 2015లో వచ్చిన రెండో కూర్పుకు ముందుమాట సీసీ వ్రాసింది. సైనిక జైలులో ఉన్న చెల్సీ మానింగ్ వ్యాసం కూడా ఆ కూర్పులో చేరింది. పండితుల వ్యాసాల ఇంగ్లీషు కొన్నిచోట్ల కొరుకుడు పడదు. సంస్కృత సమాసాలతో మనవాళ్ళు చేసే పనిని వాళ్ళు విశ్వవిద్యాలయం మాటలతో చేస్తారు. ఖైదీల వ్యాసాలు అలా కావు. ఏ పూట ఏం పెట్టారో, ఏ కాగితం మీద ఎవరు సంతకం చెయ్యలేదో చెబుతాయి. పాఠకులు వెనక నుంచి ముందుకు చదివినా తప్పు లేదు.

జైళ్ళ రద్దు అంటే రేపు పొద్దున్న తాళాలన్నీ తీసెయ్యటం అని అనుకునేవారు ఈ పుస్తకం చదివితే కొంత నెమ్మదిస్తారు. ఏంజెలా డేవిస్ 2003లో 'ఆర్ ప్రిజన్స్ ఆబ్సొలీట్?' అన్న చిన్న పుస్తకంలో ఈ వాదనను చాలా తేలిక భాషలో పెట్టారు. ఆమె, రూత్ విల్సన్ గిల్మోర్ మొదలైనవారు కలిసి 1998లో బర్క్‌లీలో పెట్టిన 'క్రిటికల్ రెసిస్టెన్స్' మహాసభతో ఈ ఉద్యమానికి ఒక రూపం వచ్చింది. వారి వాదన స్థూలంగా ఇది. ఈ దేశంలో దాదాపు 19 లక్షల మంది కటకటాల వెనక ఉన్నారు. అంతమందిని పెట్టినా వీధిలో హింస పోలేదు. వైద్యం, చదువు, ఇల్లు అందవలసిన చోట పోలీసును పంపటం అలవాటయింది. ఆ అలవాటును ఒక్కొక్కటే మాన్పించాలి. ఒకప్పుడు బానిసత్వం లేకుండా వ్యవసాయం ఎలా సాగుతుందని ఇలాగే అడిగారని వారు గుర్తు చేస్తారు. 'రద్దు' అన్న మాట వారికి అక్కడినుంచే వచ్చింది.

ట్రాన్స్‌జెండర్ ఉద్యమం ఈ వాదనను అరువు తెచ్చుకుందని కొందరంటారు. చరిత్ర చూస్తే అలా లేదు. సిల్వియా రివేరా, మార్షా జాన్సన్ కలిసి 1970లో న్యూయార్క్‌లో పెట్టిన 'స్టార్' సంస్థ వీధిన పడ్డ పిల్లలకు నీడ ఇచ్చింది, జైలు పాలైనవారి గురించి మాట్లాడింది. 1973లో న్యూయార్క్ ఊరేగింపు సభలో రివేరా వేదిక ఎక్కి, జైళ్ళలో దెబ్బలు తింటున్న మనవాళ్ళ సంగతి పట్టదా అని నిలదీస్తే సొంత జనమే ఆమెను గేలి చేశారు. మర్యాదస్తుల ఉద్యమానికి జైలు ఊసు అవమానమనిపించింది. ఆమె పేరుతో 2002లో ఏర్పడిన న్యాయసహాయ సంస్థ 2009లో ఇంకో సంచలనం చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రక్షణ కల్పించే బిల్లు వస్తే, దానిలో ద్వేషనేరాలకు శిక్ష పెంచే భాగం ఉన్నందువల్ల మద్దతు ఇవ్వలేమంది. పెంచిన శిక్షలు చివరికి పడేది పేదల మీదా నల్లవాళ్ళ మీదా, తమవాళ్ళ మీదా అన్నది వారి అనుభవం. సీసీ కేసు అదే చెప్పింది. ద్వేషనేరాలకు ప్రత్యేక చట్టం ఉన్న రాష్ట్రంలో, ద్వేషంతో కొట్టించుకున్న మనిషికే ఎక్కువ శిక్ష పడింది.

ఇప్పుడు మన భాషలోకి వద్దాం. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి తన జీవితకథ తమిళంలో వ్రాశారు. వి. గీత ఇంగ్లీషు అనువాదం 2010లో వచ్చింది. పి. సత్యవతి గారు దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. సత్యవతి గారి వాక్యం శుభ్రమైన ఇంటి వాక్యం. ఎక్కడా గొంతు పెంచరు. పోలీసు స్టేషనులో జరిగిన అవమానాలను సైతం బజారుకు వెళ్ళివచ్చిన సంగతి చెప్పినంత నిదానంగా చెప్పించారు. అందుకే అవి మనలో దిగబడతాయి.

ఈ అనువాదంలో భాష చేసిన మేలు ఒకటుంది. తెలుగులో ఉత్తమపురుష క్రియకు లింగభేదం లేదు. 'వెళ్ళాను', 'ఏడ్చాను', 'పారిపోయాను' అంటే ఆ చెప్పేది ఆడో మగో క్రియ బయటపెట్టదు. హిందీలో ఆ సదుపాయం లేదు. కాబట్టి తెలుగు పాఠకుడికి రేవతి 'నేను' మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకే మనిషి. భేదం వచ్చేదల్లా ఎదుటివాళ్ళు నోరు విప్పినప్పుడు. 'ఏరా' అని ఒకడు, 'ఏమే' అని ఒకరు. ఆమెకు తన గురించి సందేహం లేదు, సందేహమంతా ఊళ్ళోవాళ్ళదే. వ్యాకరణం ఇంత బాగా నీతి చెప్పటం మేము తరచు చూడలేదు.

మన పురాణాల్లో బృహన్నల లేడా, శిఖండి లేడా, మనకు ఈ విషయంలో చిన్నచూపు లేదని సభల్లో చెప్పేవారున్నారు. విరాటపర్వం మాకూ ఇష్టమే. కాని బృహన్నలను మనం గౌరవించటానికి కారణం వేషం కింద అర్జునుడున్నాడని తెలియటం. ఏడాది గడిస్తే జమ్మిచెట్టు మీది గాండీవం దిగుతుంది. సీసీ కింద అర్జునుడు లేడు. రేవతి కింద ఎవరూ దాక్కుని లేరు. కనిపించేవారే ఉన్నారు. ఆ ఉన్నవారిని గౌరవించటం మన కావ్యాలు మనకు నేర్పలేదు. మన సినిమాల హాస్యం అయితే నేర్చుకోనివ్వలేదు.

చట్టం కూడా నేర్పలేదు. 1871లో బ్రిటిషువారు చేసిన నేరస్థ తెగల చట్టం రెండో భాగం హిజ్రాల పేర్లు పోలీసు పట్టీలో ఎక్కించింది. దాన్ని చూసి నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, అలాంటిదే ఒక చట్టం వచ్చింది. ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని బజారులో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైలులో పెట్టవచ్చు. నేరం చెయ్యటం అక్కరలేదు, చీర కట్టుకుంటే చాలు. నిజాం పోయినా, రాష్ట్రం పేరు మారినా ఆ చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి మొదలైనవారు 2018లో వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టివేసింది. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. జైలు ముందు పుట్టి నేరం తరువాత పుట్టిన సందర్భం ఇది. అమెరికాలో రద్దువాదులు చెప్పే మాట మన హైదరాబాదు చరిత్రలో అక్షరాలా కనిపిస్తుంది.

అయితే మన దేశంలో ఉద్యమం ఇంకో వైపు నుంచి కూడా మాట్లాడుతోంది. పార్లమెంటు 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టంలో వీరి మీద లైంగిక దాడికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. ఇతర స్త్రీల మీద అత్యాచారానికి పడే శిక్ష అంతకు ఎన్నో రెట్లు. మా ఒళ్ళు అంత చౌకా అని వారు అడిగారు. న్యాయమైన అడుగు. మనిషి విలువను శిక్షా సంవత్సరాలతో కొలిచే లోకంలో తక్కువ సంవత్సరాలంటే తక్కువ మనిషి. ఆ కొలబద్దే పనికిరాదని సీసీ అంటుంది. ఉన్న కొలబద్దతోనైనా సరిగా కొలవండని వీరంటున్నారు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. మాకు మాత్రం రెండూ ఒకే అవమానానికి వచ్చిన రెండు జవాబులుగా తోస్తున్నాయి.

ఇక ఇది మన గొడవ ఎలా అయిందో చెబుతామన్నాము గదా. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలో ఒలేతా ఊళ్ళో ఒక బారులో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. ముందు వీసా సంగతి అడిగాడు, తిట్టాడు, మా దేశంలోంచి పొమ్మన్నాడు. ఆ రోజు మన ఇళ్ళల్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. హంతకుడికి 2018లో రాష్ట్ర కోర్టు, ఫెడరల్ కోర్టు రెండూ యావజ్జీవ శిక్షలు వేశాయి. మనమంతా న్యాయం జరిగిందన్నాం. బారు, రాత్రి, తిట్లు, ద్వేషం. లేక్ స్ట్రీట్‌కూ ఒలేతాకూ ఇంత పోలిక ఉంది. తేడా ఏమంటే, శ్రీనివాస్ చనిపోయాడు, చట్టం అతని పక్కన నిలబడింది. సీసీ చావలేదు, చట్టం ఆమెకు ఎదురు నిలబడింది.

ఇక్కడ మేము రద్దువాదులతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నామని చెప్పాలి. ఒలేతా హంతకుణ్ణి ఏం చేసేవారు అన్న ప్రశ్నకు ఈ చిత్రాల్లో గాని, 'కాప్టివ్ జెండర్స్'లో గాని మాకు తృప్తి కలిగించే జవాబు దొరకలేదు. తుపాకీ పట్టినవాణ్ణి ఆ రాత్రి ఎవరు ఆపుతారు, మర్నాడు ఎక్కడ ఉంచుతారు? అలాంటివారు కొద్దిమందేనని, ఆ కొద్దిమంది కోసం లక్షలమందిని పెట్టనక్కరలేదని వారంటారు. లెక్క సరే. కాని కొడుకును పోగొట్టుకున్న తల్లికి లెక్క జవాబు కాదు. ఉద్యమ సాహిత్యం ఈ తల్లి ముందు ఇంకా కొంచెం సేపు కూర్చోవాలి. 2020లో అదే మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు ఈ వాదనలు దేశమంతా మోగాయి. అయినా 2021 నవంబరులో పోలీసు శాఖ స్థానంలో మరో శాఖ పెట్టే ప్రతిపాదన ఓటుకు వస్తే ఆ నగరమే కాదంది. భయపడ్డ మనిషికి రాత్రిపూట ఎవరో ఒకరు రావాలి. ఎవరు వస్తారో చెప్పకుండా వచ్చేవారిని తీసెయ్యమంటే ఒప్పుకోడు.

కాని వారు మనల్ని అడిగే ప్రశ్నకూ మన దగ్గర జవాబు లేదు. యావజ్జీవం వేసినందువల్ల తరువాతి బారులో తరువాతి మనిషి బతికాడా? ద్వేషం తగ్గిందా? శ్రీనివాస్ భార్య సునయన దుమాల ఆ దుఃఖంలోనే, వలస వచ్చినవారిని ఇరుగుపొరుగుకు పరిచయం చేసే పని మొదలుపెట్టారు. ఆవిడ రద్దువాది అని మేము అనటం లేదు. అయితే శిక్ష పడ్డాక కూడా చెయ్యవలసిన పని మిగిలే ఉంటుందని ఆవిడ పని చెబుతోంది. మిస్ మేజర్ ఇంటి గుమ్మంలో కనిపించింది కూడా అదే.

మన ఇళ్ళ లోపల సంగతి కూడా ఉంది. భర్త చేత దెబ్బలు తిని, పోలీసును పిలిస్తే అతని ఉద్యోగం పోతుంది, తన వీసా పోతుంది, పిల్లలు ఏమవుతారోనని నోరు మూసుకున్న ఆడపిల్లలు మన మధ్య ఉన్నారు. పోలీసు తప్ప ఇంకో తలుపు లేనప్పుడు ఆ ఒక్క తలుపు తట్టటానికి ఎంత భయమో వారికి తెలుసు. అబ్బాయి అనుకున్న బిడ్డ ఒకరోజు నేను అమ్మాయినని చెబితే, పదిమందిలో తలెత్తుకోలేమని ఆ బిడ్డను ఇంట్లోంచి పంపేసే తల్లిదండ్రులు ఏ జాతిలోనైనా ఉంటారు, మనలోనూ ఉంటారు. అలా వీధిన పడ్డ పిల్లలకే సిల్వియా రివేరా నీడ వెతికింది. జైలుకు దారి చాలాసార్లు ఇంటి గుమ్మంలోనే మొదలవుతుంది. ఆ గుమ్మం మాత్రం మన చేతిలో ఉంది. దానికి ఏ చట్టమూ రద్దు కానక్కరలేదు.

కాబట్టి పాఠకులకు మా సలహా. 'ఫ్రీ సీసీ!' చూడండి, చూసి కన్నీళ్ళతో ఆగకండి. 'మేజర్!' చూడండి, వదులుగా ఉందని మధ్యలో లేవకండి. 'కాప్టివ్ జెండర్స్'లో ఖైదీల వ్యాసాలు ముందు చదవండి. ఒకటే చదవటానికి తీరికుంటే 'ఒక హిజ్రా ఆత్మకథ' చదవండి, మన తెలుగులో ఉంది. మన సంఘం పుస్తకాల బీరువాలో పంచాంగాల పక్కన దానికి చోటు చెయ్యమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. ఆ బీరువా తాళం అందరికీ అందేచోట ఉంచమని కూడా కోరుతున్నాము. అది ఎవరింట్లో ఏ బిడ్డకు ఏ రోజు అవసరపడుతుందో తెలియదు.